జిప్సీ ఇంజిన్‌ను సొంత విమానానికి పెట్టుకోవాలంటే

చిత్తూరు నుంచి మీరు అడిగిన ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. మీ మేనమామ పాత సామాన్ల కొట్టులో మారుతి జిప్సీ ఇంజిన్ ఒకటి మంచి కండిషన్‌లో దొరికింది. కొత్త రోటాక్స్ విమాన ఇంజిన్ కొనే స్తోమత లేదు. మీరు షెడ్డులో కడుతున్న రెండు సీట్ల విమానానికి, అంటే మనుషులతో, పెట్రోలుతో కలిపి 550 కిలోలు తూగే దానికి, ఈ ఇంజిన్ పెట్టుకోవచ్చా? ప్రొపెల్లర్‌ను నేరుగా క్రాంక్ షాఫ్ట్‌కే, అంటే ఇంజిన్ తిప్పే ఇరుసుకే, బిగించవచ్చా? మన ఎండలకు రేడియేటర్ తట్టుకుంటుందా?

ఇంజిన్ పెట్టుకోవచ్చు. ప్రొపెల్లర్‌ను నేరుగా మాత్రం బిగించకూడదు. రేడియేటర్ తట్టుకోవడం, తట్టుకోకపోవడం మీరు దానికి గాలి దారి ఎలా కడతారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇక రెండు సీట్ల సంగతి దగ్గర నాకు అభ్యంతరం ఉంది, దాని గురించి తర్వాత చెబుతాను.

నేను ఎయిర్‌ఫోర్స్‌లో 20 ఏళ్లు ఇంజిన్ ఫిట్టర్‌గా చేశాను. తర్వాత దక్షిణాఫ్రికాలో ఒక వర్క్‌షాపులో 7 ఏళ్లు పనిచేశాను. సొంతంగా కట్టుకున్న విమానాలు, గైరోకాప్టర్లు అక్కడికి రిపేరుకు వచ్చేవి. వాటిలో చాలావాటికి సుబారు కారు ఇంజిన్లే. ఇప్పుడు తిరుపతిలో రేణిగుంట రోడ్డు పక్కన చిన్న లేత్ షాపు పెట్టుకున్నాను. నేను చేత్తో విప్పి చూసినవాటిలో పిస్టనో క్రాంకో విరిగి ఇంజిన్ ఆగినవి చాలా తక్కువ. బెల్టు తెగింది, రబ్బరు కప్లింగ్ చిరిగింది, హోసు ఊడింది, పెట్రోలు పైపులో ఆవిరి పట్టింది, ఒక్క ఫ్యూజు పోయి పంపు ఆగింది. అంటే సుజుకీవాళ్లో సుబారువాళ్లో చేసినవి నిలబడ్డాయి, వాటి చుట్టూ మనలాంటివాళ్లు షెడ్డులో కట్టినవి పోయాయి. అందుకే మీ డబ్బు, మీ సమయం ఇంజిన్ మీద కంటే దాని చుట్టూ కట్టేవాటి మీద పెట్టమంటాను. ఈ సమాధానం అంతా దాని గురించే.

ముందు ప్రొపెల్లర్ సంగతి చూద్దాం. జిప్సీ ఎంపీఎఫ్ఐ ఇంజిన్, అంటే పెట్రోలు ఇంజెక్షన్ ఉన్నది, 1298 సీసీ, 80 హార్స్‌పవర్. కానీ ఆ 80 వచ్చేది 6000 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 6000 చుట్ల దగ్గర. మీరు అనుకుంటున్న ప్రొపెల్లర్ వ్యాసం 1.7 మీటర్లు. దాన్ని 6000 ఆర్‌పీఎంలో తిప్పితే రెక్క కొన సెకనుకు 530 మీటర్లకు పైగా వేగంతో తిరుగుతుంది. ధ్వని వేగం మన ఎండలో సెకనుకు సుమారు 350 మీటర్లు. కొన ధ్వని వేగానికి దగ్గరపడితే ప్రొపెల్లర్ గాలిని వెనక్కి తోయడం మానేసి చప్పుడు మాత్రమే చేస్తుంది. దానికి తోడు, ఆ వేగానికి చెక్క ప్రొపెల్లర్ విచ్చిపోయే ప్రమాదం ఉంది. 2000 ఆర్‌పీఎం దగ్గర తిప్పితే ప్రొపెల్లర్‌కు హాయిగానే ఉంటుంది, కానీ అక్కడ మీ ఇంజిన్ సగం పవర్ కూడా ఇవ్వదు.

లైకమింగ్ ఓ-320 లాంటి విమాన ఇంజిన్ ఎందుకంత పెద్దదో దీన్ని బట్టే తెలుస్తుంది. 5.2 లీటర్ల ఇంజిన్, కానీ 2700 ఆర్‌పీఎంకే 150, 160 హార్స్‌పవర్ ఇస్తుంది. ప్రొపెల్లర్‌కు నచ్చే వేగంలోనే దాని బలమంతా ఉంది. 1929లో అమెరికాలో బెర్నార్డ్ పీటెన్‌పోల్ తన ఎయిర్ క్యాంపర్‌కు ఫోర్డ్ మోడల్ ఏ కారు ఇంజిన్ పెట్టి ఎగిరాడు. ప్రొపెల్లర్‌ను నేరుగా క్రాంక్‌కే బిగించాడు. అది కుదిరింది, ఎందుకంటే ఆ ఇంజిన్ తన 40 హార్స్‌పవర్‌ను 2200 ఆర్‌పీఎం దగ్గరే ఇచ్చేది. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఇంజిన్‌ను కూడా ఇప్పటికీ నేరుగానే వాడుతున్నారు. దాన్ని 3400 ప్రాంతంలో తిప్పుతారు, అందుకే ప్రొపెల్లర్ 1.5 మీటర్లకు మించకుండా పొట్టిగా పెడతారు. ఈ కాలపు చిన్న కారు ఇంజిన్‌కు ఆ దారి లేదు. వేగం తగ్గించే రిడక్షన్ డ్రైవ్ పెట్టక తప్పదు. రైట్ సోదరులు కూడా 1903లో చైన్లు వేసి ప్రొపెల్లర్లను ఇంజిన్ కంటే నెమ్మదిగానే తిప్పారు.

మీకు నా సలహా: ఇంజిన్‌ను 5200 ఆర్‌పీఎం దాటనివ్వకండి, రిడక్షన్ 2.1 దగ్గర పెట్టండి. అప్పుడు ప్రొపెల్లర్ 2475 చుట్టూ తిరుగుతుంది. కొన వేగం సెకనుకు 220 మీటర్లు, అది మంచి లెక్క. కొంత పవర్ వదులుకుంటారు, కానీ ఇంజిన్ గంటలకొద్దీ ఆ లోడ్ మీద నిలబడుతుంది.

ఇప్పుడు అందరూ తేలిగ్గా తీసుకునే విషయానికి వస్తాను. దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఓపిగ్గా చదవండి.

నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఒక చుట్టుకు రెండుసార్లు పేలుతుంది. క్రాంక్ ఒకే తీరుగా తిరుగుతున్నట్టు కనిపిస్తుంది గానీ, నిజానికి ప్రతి పేలుడుకూ ఒక తోపు, తర్వాత ఒక సడలింపు. కారులో ఆ తోపులను ఫ్లైవీల్, క్లచ్ ప్లేటులోని స్ప్రింగులు, పొడవాటి డ్రైవ్ షాఫ్టులు, చివరికి టైర్ల రబ్బరు మింగేస్తాయి. విమానంలో ఇవేవీ లేవు. ఒక చివర దడదడలాడే క్రాంక్, ఇంకో చివర కదలడానికి ఒప్పుకోని బరువైన ప్రొపెల్లర్, మధ్యలో మీ రిడక్షన్ డ్రైవ్ షాఫ్టు. ఆ షాఫ్టు ముందుకీ వెనక్కీ మెలితిరుగుతుంది. తిరుపతి గంగమ్మ జాతరలో ఉయ్యాల ఊపేవాణ్ని చూడండి. వాడు బలమంతా పెట్టడు, ఉయ్యాల తన దగ్గరికి వచ్చిన ప్రతిసారీ సరిగ్గా అదే క్షణంలో చిన్న తోపు ఇస్తాడు, అంతే. నాలుగు తోపుల్లో ఉయ్యాల ఆకాశానికి వెళుతుంది. ఇంజిన్ పేలే వేగం, ఆ షాఫ్టు తనంతట తాను మెలితిరిగి ఊగే వేగం ఒకటైతే జరిగేదీ ఇదే. దీన్ని టోర్షనల్ వైబ్రేషన్ అంటారు. ఇంజిన్ మౌంట్‌లో వచ్చే వణుకులా ఇది చేతికి తెలియదు, మీటర్లలో కనిపించదు. లోపలే ఉంటూ షాఫ్టును తినేస్తుంది.

నా సొంత అనుభవం చెబుతాను. ఆరేళ్ల కిందట నా షాపు వెనక స్టాండ్ మీద ఇలాంటి జిప్సీ ఇంజిన్‌నే గేర్ రిడక్షన్‌తో తిప్పాను. రేజ్ చేసినప్పుడు చాలా నునుపుగా నడిచింది. కానీ 1500 నుంచి 1900 మధ్య డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు చప్పుడు. గేర్ల పళ్లు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి. ఐడ్లింగ్ చప్పుడే కదా అని 9 గంటలు నడిపాను, అది నా తప్పు. విప్పి చూస్తే కప్లింగ్ గాడుల్లో, అంటే షాఫ్టు మీద పళ్లలా కోసిన చోట, ఎర్రటి మెత్తని పొడి కనిపించింది. వేలికి అంటుకుంటే అచ్చం కుంకుమలా ఉంది. ఇనుము ఇనుముతో సూక్ష్మంగా రాసుకుని తుప్పు పొడిగా రాలిందది. గుడ్డతో తుడిచాక షాఫ్టు మీద వెంట్రుకంత గీత కనిపించింది. గోరుతో రాస్తే తగిలింది. ఇంకో అయిదారు గంటలు నడిపి ఉంటే ప్రొపెల్లర్ ఊడి షెడ్డు రేకులు చీల్చుకుని పోయేది. అదే విమానంలో అయితే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి.

తర్వాత మధ్యలో రబ్బరు కప్లింగ్ వేశాను, లోహపు ప్రొపెల్లర్ తీసి తేలికపాటి చెక్కది పెట్టాను, ఐడ్లింగ్‌ను ఆ చప్పుడు ప్రాంతానికి పైన ఉంచాను. కప్లింగ్ మెత్తబడేకొద్దీ ఆ ఊగే వేగం కిందికి జరుగుతుంది. దాన్ని ఐడ్లింగ్ కంటే కిందికి తోసేస్తే, స్టార్ట్ చేసేటప్పుడు, ఆపేటప్పుడు మాత్రమే ఆ ప్రాంతాన్ని ఒక్క క్షణంలో దాటిపోతాం. మీకు గేర్ల అనుభవం లేదు కాబట్టి పళ్ల బెల్టుతో మొదలుపెట్టమంటాను. బెల్టు ఆ తోపులను కొంత మింగుతుంది, పాడవుతుంటే అంచులు పీచు లేస్తూ ముందే చెబుతుంది. ఒక్కటే జాగ్రత్త: బెల్టు లాగే బలం క్రాంక్ ముక్కు మీద పడనివ్వకండి. ఆ పుల్లీకి అటూ ఇటూ సొంత బేరింగులు పెట్టి, అక్కడి నుంచి క్రాంక్‌కు రబ్బరు కప్లింగ్‌తో కలపండి. ప్రొపెల్లర్ లాగే బలం, మలుపుల్లో గైరోలా వంచే బలం కూడా రిడక్షన్ డ్రైవ్ బేరింగులే మోయాలి. క్రాంక్‌ను అందుకోసం చేయలేదు. షెవర్లే కోర్వెయిర్ ఇంజిన్లకు ప్రొపెల్లర్‌ను నేరుగా బిగించి ఎగిరినవాళ్లకు క్రాంక్‌లు పగిలాయి. ముందు భాగంలో అదనంగా అయిదో బేరింగ్ కలిపితేగానీ ఆ సమస్య దారికి రాలేదు. ఏ రిడక్షన్ కొన్నా సరే, అదే ఇంజిన్‌తో, అదే బరువున్న ప్రొపెల్లర్‌తో గంటలు నడిచినది కొనండి. మూడింటిలో ఒకటి మారినా లెక్క మారిపోతుంది.

ఇక వేడి. కారు 80 కిలోమీటర్ల వేగంతో చదును రోడ్డు మీద పోతుంటే 20 హార్స్‌పవర్ కూడా అక్కర్లేదు. అంటే ఆ ఇంజిన్ జీవితమంతా తన బలంలో నాలుగో వంతుతోనే గడుపుతుంది. విమానం లేచేటప్పుడు నూటికి నూరు, ఆ తర్వాత కూడా 70, 75 శాతం తగ్గకుండా గంటలు. వేసవి సెలవుల్లో అలిపిరి నుంచి తిరుమలకు పోయే దారిలో బానెట్ ఎత్తి నిలబడిన కార్లను చూసే ఉంటారు. ఊళ్లో ఏళ్ల తరబడి నడిచినా రాని వేడి, అరగంట ఘాట్ రోడ్డు ఎక్కేసరికి వచ్చింది. విమానం ఆ ఘాట్ రోడ్డును దిగేదాకా ఎక్కుతూనే ఉంటుంది, పక్కకు ఆపుకునే చోటు ఉండదు.

షాఫ్టుకు ఎంత పవర్ వస్తుందో, దానికి దగ్గరదగ్గరగా అంత వేడి కూలెంట్‌లోకి పోతుంది. 65 హార్స్‌పవర్ అంటే 48 కిలోవాట్లు. అంత వేడిని ఆ చిన్న ముక్కులోంచి బయటికి పంపాలి. ఇక్కడ అందరూ చేసే పొరపాటు, పెద్ద రేడియేటర్ తెచ్చి గాలికి అడ్డంగా వేలాడదీయడం. గాలి ఎప్పుడూ సులువైన దారే వెతుక్కుంటుంది. రేడియేటర్ చుట్టూ వేలు పట్టేంత సందు ఉన్నా అందులోంచే జారుకుంటుంది. రేడియేటర్ అంచు చుట్టూ రబ్బరుతో పూర్తిగా మూసేయాలి. గాలి లోపలికి వచ్చే ద్వారం రేడియేటర్ ముఖంలో మూడో వంతు ఉన్నా చాలు. అక్కడి నుంచి డబ్బాను మెల్లగా వెడల్పు చేసుకుంటూ పోతే గాలి నెమ్మదించి, ఒత్తిడి పెరిగి, రేడియేటర్ అంతా సమానంగా దాటుతుంది. బయటికి పోయే ద్వారం లోపలి దాని కంటే పెద్దగా ఉండాలి, ఒత్తిడి తక్కువ ఉండే చోట, అంటే ముక్కు కింద, ఒక చిన్న పెదవితో తెరుచుకోవాలి. నేను చూసిన వేడి సమస్యల్లో ఎక్కువ భాగం రేడియేటర్ మార్చకుండా, బయటికి పోయే ద్వారం సరిచేస్తే తీరిపోయాయి.

కూలెంట్‌లో గాలి బుడగ ఇంకో దొంగ. కారులో ఇంజిన్ ఒక కోణంలో కూర్చుంటుంది, మీరు ఇంకో కోణంలో కూర్చోబెడతారు. దాంతో హెడ్‌లో ఒక మూల గాలి నిలుస్తుంది. ఆ మూల వేడెక్కి గ్యాస్కెట్ కొట్టేస్తుంది. వేడి చూపించే సెన్సార్ కూడా గాలిలోనే ఉంటే మీటర్ తక్కువ చూపిస్తుంది, మీరు నిశ్చింతగా ఉంటారు. హెడర్ ట్యాంకు, అంటే కూలెంట్ నింపే ట్యాంకు, మొత్తం వ్యవస్థలో అన్నిటికంటే ఎత్తులో ఉండాలి. హెడ్ పైమూల నుంచి పెన్సిల్ లావు పైపు ఒకటి ఎక్కడా కిందికి వంగకుండా ట్యాంకుకు పోవాలి. తోక కింద ఉన్నప్పుడు, ముక్కు కింద ఉన్నప్పుడు, రెండు భంగిమల్లోనూ అది ఎత్తులోనే ఉందో లేదో నీళ్ల లెవెల్ ట్యూబు పెట్టి చూసుకోండి.

పెట్రోలు. మన బంకుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతం ఎథనాల్ కలిసిన పెట్రోలు. రోటాక్స్ లాంటి కంపెనీయే 912 ఇంజిన్‌కు 10 శాతం వరకే ఒప్పుకుంది. ఎథనాల్ పాత రబ్బరు హోసులను ఉబ్బిస్తుంది, కొన్ని ఫైబర్ ట్యాంకుల రెజిన్‌ను మెత్తబరుస్తుంది. గాలిలోని తేమను పీల్చుకుని, హద్దు దాటాక నీళ్లూ ఎథనాలూ కలిసి ట్యాంకు అడుగుకు దిగుతాయి. సరిగ్గా మీ పైపు మొదలయ్యేది అక్కడే. నవంబరు వానల్లో ట్యాంకును సగం ఖాళీగా ఎప్పుడూ వదలకండి.

ఎథనాల్ ఎంత ఉందో ఇంట్లోనే చూసుకోవచ్చు. ల్యాబ్‌లో వాడే గీతల గాజు గొట్టంలో 10 గీత దాకా నీళ్లు పోయండి. పైన 100 గీత దాకా పెట్రోలు పోయండి. మూత పెట్టి బాగా ఊపి పది నిమిషాలు నిలబెట్టండి. ఎథనాల్ పెట్రోలును వదిలి నీళ్లలోకి దిగిపోతుంది. కింద నీటి గీత 10 దగ్గరే ఉంటే ఎథనాల్ లేనట్టు. మన బంకు పెట్రోలుతో అది 25 దాటుతుంది. ఈ పరీక్ష చేసే చోట బీడీ, పొయ్యి ఉండకూడదని వేరే చెప్పక్కర్లేదు. ఇంజిన్‌కు ఎథనాల్ పడదని కాదు, ఇంజెక్షన్ ట్యూనింగ్ సర్దితే నడుస్తుంది. పడనిది పైపులకు, సీళ్లకు. వాటిని ముందే దానికి తట్టుకునేవి వేసుకోండి.

ఎండలో పార్కింగ్ చేసి మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు పైపుల్లో పెట్రోలు ఆవిరయ్యే బెడద ఉంటుంది. పెట్రోలు పంపు తోసే పని బాగా చేస్తుంది, పీల్చే పని చేతకాదు. పీల్చే వైపు ఒత్తిడి పడిపోయి పెట్రోలు మరుగుతుంది. అందుకని పంపులను ట్యాంకు కంటే కింద, ఎగ్జాస్ట్‌కు దూరంగా పెట్టండి. మిగిలిన పెట్రోలు తిరిగి ట్యాంకుకు పోయే రిటర్న్ పైపు తప్పనిసరి. ఆ ప్రవాహం పైపులను చల్లగా ఉంచుతుంది.

"ఇంజెక్షన్ తీసేసి కార్బురేటర్ పెడితే కరెంటు గొడవ ఉండదు కదా" అని కూడా రాశారు. గొడవ తగ్గుతుంది, నిజమే. కానీ కార్బురేటర్ గొంతులో పెట్రోలు ఆవిరవుతూ గాలిని బాగా చల్లబరుస్తుంది. బయట 20, 25 డిగ్రీలుండి తేమ ఎక్కువగా ఉంటే ఆ గొంతులో మంచు కడుతుంది. నవంబరు, డిసెంబరులో మన దగ్గర ఉండేది సరిగ్గా అదే వాతావరణం. తిరుపతిలో మంచేమిటని నవ్వేవాళ్లు ఉంటారు, నవ్వనివ్వండి. కార్బురేటర్ పెడితే ఎగ్జాస్ట్ చుట్టూ తిరిగి వచ్చే వేడిగాలి దారి, దాన్ని తెరిచే లీవరు పెట్టే తీరాలి. నేనైతే ఇంజెక్షనే ఉంచుతాను.

ఇంజెక్షన్ ఉంచితే కరెంటే ప్రాణం. విమాన ఇంజిన్‌లో మాగ్నెటో ఉంటుంది, బ్యాటరీ చచ్చినా స్పార్క్ ఆగదు. మీ ఇంజిన్‌లో బ్యాటరీ పోతే స్పార్కూ పోతుంది, పెట్రోలూ పోతుంది. రెండు పెట్రోలు పంపులు పెట్టి రెండింటినీ ఒకే ఫ్యూజుకు కలిపినవాణ్ని చూశాను. ఒక పంపు షార్ట్ అయి ఫ్యూజు కొట్టేసింది, రెండోదీ ఆగింది. అదృష్టం బాగుండి మొక్కజొన్న చేలో దిగాడు, బతికాడు. రెండు బ్యాటరీలు, వాటి నుంచి వేరువేరు వైర్లు, వేరువేరు ఫ్యూజులు, వేరువేరు పంపులు, మధ్యలో మీ చేతికి అందే ఒక పెద్ద స్విచ్. ఆల్టర్నేటర్ పోయాక మిగిలిన బ్యాటరీతో ఎంతసేపు నడుస్తుందో లెక్క వేయకండి, కొలవండి. పంపు, ఇంజెక్టర్లు, ఇగ్నిషన్ కలిపి 12 నుంచి 15 ఆంపియర్లు తాగుతాయి. స్టాండ్ మీద ఆల్టర్నేటర్ వైరు ఊడదీసి ఇంజిన్ ఆగేదాకా గడియారం చూడండి. అందులో సగం సమయాన్నే నమ్మండి.

కారు ఈసీయూను, అంటే ఇంజెక్షన్‌ను, స్పార్క్‌ను నడిపే కంప్యూటర్‌ను మాత్రం వాడకండి. అది కారును, ఇంజిన్‌ను కాపాడటానికి రాసినది. ఏదైనా సెన్సార్ తేడా చూపించినా, వేడి పెరిగినా ఇంజిన్‌ను కాపాడటానికి పవర్ తగ్గించేస్తుంది. చెట్ల పైన 200 అడుగుల్లో మనకు కావలసింది దానికి సరిగ్గా వ్యతిరేకం. ఇంజిన్ పాడైతే పాడవనీ, ఇంకో రెండు నిమిషాలు తిరగాలి. బయట దొరికే స్వతంత్ర ఈసీయూ పెట్టి, ఒక్క సెన్సార్ పోయినా ఆగకుండా నడిచేలా ట్యూన్ చేయించండి. ట్యూనింగ్ అయ్యాక క్రాంక్ సెన్సార్ తప్ప మిగతా సెన్సార్ల ప్లగ్గులు ఒక్కొక్కటిగా ఊడదీసి ఇంజిన్ నడుస్తుందో లేదో స్టాండ్ మీదే చూడండి. క్రాంక్ సెన్సార్ పోతే చాలా ఈసీయూలు నడవవు, కాబట్టి అది రెండు పెట్టుకునే ఏర్పాటు చూడండి.

బరువు గురించి మీరు అసలు అడగలేదు. నా జిప్సీ ఇంజిన్‌ను రిడక్షన్ డ్రైవ్, రేడియేటర్, కూలెంట్, ఎగ్జాస్ట్, మౌంట్‌తో సహా మామిడికాయల మండీలో తూకం వేయించాను, 112 కిలోలు వచ్చింది. రోటాక్స్ 912 గేర్‌బాక్స్‌తో కలిపి, రేడియేటర్, ఎగ్జాస్ట్ లాంటివి లేకుండా 60 కిలోలలోపే. అవన్నీ కలిపినా మీదానికంటే చాలా తేలిక. ఆ తేడా అంతా ముక్కు మీద కూర్చుంటుంది. బ్యాటరీలను సీటు వెనక్కి జరిపి, ఇంజిన్‌ను ఫైర్‌వాల్‌కు, అంటే ఇంజిన్‌కూ సీట్లకూ మధ్య ఉండే అడ్డుగోడకు, దగ్గరగా పెట్టి బ్యాలెన్స్ సరిచూసుకోవాలి. తోకలో సీసం ముక్కలు కట్టే పరిస్థితి మాత్రం తెచ్చుకోకండి.

రెండు సీట్ల దగ్గర నా అభ్యంతరం ఇక్కడే. 5200 దగ్గర మీ ఇంజిన్ 72 హార్స్‌పవర్ దాకా ఇస్తుందనుకుందాం. మే మధ్యాహ్నం 42 డిగ్రీలుంటే, రేణిగుంట రన్‌వే సముద్రమట్టానికి 100 మీటర్ల ఎత్తులోనే ఉన్నా, పలుచబడిన గాలి వల్ల ఇంజిన్‌కు, రెక్కలకు 3,500 అడుగులకు పైన ఉన్నట్టే. చిత్తూరు ఊరు అంతకంటే ఎత్తు. పదో వంతు పవర్ గాలిలోనే పోయింది, మిగిలింది 65. దానితో 550 కిలోలను ఆ గాలిలో లేపితే విమానం లేస్తుంది, కానీ చాలా మెల్లగా ఎక్కుతుంది. ఎదురుగా కొండలు, చింతచెట్లు, కరెంటు తీగలు ఉంటాయి. ఈ ఇంజిన్‌తో ఒక్కరే ఎగిరేలా, 400 కిలోలలోపు ఉండేలా మీ ప్లాన్ మార్చుకోండి. రెండు సీట్లు కావలసిందేనంటే 100 హార్స్‌పవర్ దొరికేదాకా ఆగండి.

స్టాండ్ మీద ఎన్ని గంటలు నడపాలని అడిగారు. 50 గంటలకు తగ్గకూడదు. అందులో ఒక గంట ఆపకుండా ఫుల్ థ్రాటిల్, అదీ మధ్యాహ్నం రెండింటికి. విమానంలో పెట్టబోయే మౌంటే, రేడియేటరే, వైరింగే, ప్రొపెల్లరే స్టాండ్ మీదా ఉండాలి. ఊరికే ఇంజిన్ తిప్పితే ఇంజిన్ పరీక్ష అవుతుంది, అది సుజుకీవాళ్లు ఎప్పుడో చేసేశారు. స్టాండ్‌ను కాంక్రీట్ దిమ్మెకు గొలుసుతో కట్టి మధ్యలో స్ప్రింగ్ త్రాసు పెట్టండి. ఈ ఇంజిన్, ఈ ప్రొపెల్లర్ కలిసి 150 కిలోలకు పైగా లాగాలి. 120 దగ్గరే ఆగిపోతే ప్రొపెల్లర్ పిచ్, అంటే రెక్కల వాలు, తప్పు. ప్రొపెల్లర్ తిరిగే గీతకు అటూ ఇటూ ఎవరూ నిలబడకూడదు, పిల్లలు, కుక్కలు రాకుండా కంచె వేయండి. 10 గంటలకొకసారి ఆయిల్ ఫిల్టర్ కోసి మడతలు విప్పి చూడండి, బెల్టు అంచులు చూడండి, కప్లింగ్ దగ్గర కుంకుమ పొడి ఉందేమో వేలితో చూడండి. 50 గంటలు అయ్యాక రిడక్షన్ డ్రైవ్ పూర్తిగా విప్పి షాఫ్టుకు పగుళ్ల పరీక్ష చేయించండి.

అనుమతుల గురించి ఇంజిన్ మొదలుపెట్టకముందే పౌర విమానాల నియంత్రణ సంస్థ డీజీసీఏకు రాయండి. కట్టాక రాద్దామనుకుంటే కాగితాలు, ఫొటోలు, కొలతల రికార్డు చూపించలేక ఇబ్బంది పడతారు. ముంబయిలో అమోల్ యాదవ్ ఇంటి డాబా మీద కట్టిన విమానాన్ని 2016లో మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో దేశమంతా చూసింది. ఎగరడానికి పర్మిట్ 2019లోగానీ రాలేదు. మన దగ్గర ఇంకో సంగతి కూడా ఉంది. రేణిగుంటలో విమానాశ్రయం, శ్రీహరికోట చుట్టూ గగనతలం మీద ఆంక్షలు. తిరుమల కొండ మీదుగా విమానాలు పోకూడదని టీటీడీ కేంద్రాన్ని ఎన్నోసార్లు కోరింది. మొదటి ఎగురుడుకు చోటు ఇక్కడ వెతక్కండి. అనుమతి ఉన్న ఏరోడ్రోమ్‌కు ట్రాలీ మీద తీసుకుపోయే ఏర్పాటు, అంటే రెక్కలు ఊడదీసి బిగించే వీలు, ఇప్పుడే పెట్టుకోండి.

ఖర్చు కూడా దాచకుండా చెబుతాను. నాకు ఇంజిన్ 35 వేలకే వచ్చింది. రిడక్షన్ డ్రైవ్, ఈసీయూ, రేడియేటర్, పంపులు, ప్రొపెల్లర్, చెడగొట్టుకున్న సామాన్లు అన్నీ కలిపితే నాలుగున్నర లక్షలు దాటింది, రెండేళ్ల ఆదివారాలు పోయాయి. అది విమానంలో కాదు, స్టాండ్ మీదే. డబ్బు ఆదా కోసమే అయితే వాడిన రోటాక్స్ వెతకడం మంచిది. ఇంజిన్ పని మీద ప్రేమ ఉండి చేస్తానంటే నేను వద్దనను, నా చేతనైన సాయం చేస్తాను.

మీ మేనమామ కొట్టులో ఉన్న ఇంజిన్‌ను కొనేముందు హెడ్ విప్పించి, ఒంపు ఉందేమో స్కేలు పెట్టి చూడండి. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ వేడి మీద కొలిచి రాసుకోండి. క్రాంక్‌ను ముందుకీ వెనక్కీ తోసి ఎంత ఆట ఉందో డయల్ గేజితో చూడండి. ఆ అంకెలు, మీ విమానం ఫైర్‌వాల్ నుంచి ప్రొపెల్లర్ దాకా ఉన్న దూరం నాకు పంపండి. స్టాండ్ వేసే రోజు ముందుగా చెబితే నా దగ్గరున్న 300 కిలోల స్ప్రింగ్ త్రాసు, పగుళ్లు చూసే రంగు డబ్బాలు తీసుకుని చిత్తూరు వస్తాను.